వేవిళ్లా, సూదిమందు వికారమా?

గత దసరాకు మా చెల్లెలు హైదరాబాదు నుంచి తెనాలి వచ్చిన రోజున, అమ్మ పులిహోరకు పెట్టిన ఇంగువ పోపు వాసన తగలగానే కడుపులో తిప్పుతోందంటూ పెరట్లోకి వెళ్లిపోయింది. బరువు తగ్గడానికని ఏప్రిల్ నుంచి తను వారానికొక టిర్జెపటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటోంది. మోతాదు పెంచిన ప్రతిసారీ వారం పది రోజుల పాటు వికారం ఉండడం మా అందరికీ అలవాటైపోయింది కాబట్టి, ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బీఫార్మసీ చదివి, 14 ఏళ్లుగా మావారితో కలిసి మందుల షాపు నడుపుతున్న నేను కూడా "మోతాదు పెంచారా?" అని మాత్రమే అడిగాను. "పెంచి మూడు వారాలైంది అక్కా, ఈసారి ఎందుకో తగ్గడం లేదు" అంది.

ఆ మూడు వారాలన్న మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగితే తనకు గుర్తు లేదు. పీసీఓఎస్ (అండం సకాలంలో విడుదల కాని హార్మోన్ సమస్య) ఉన్న మనిషి కావడం వల్ల రెండు నెలలకో మూడు నెలలకో రావడం తనకు మామూలే, అందువల్ల తేదీలు రాసుకోవడం ఎప్పుడో మానేసింది. తెల్లవారగానే షాపు తెరిచి ప్రెగ్నెన్సీ కిట్ తెచ్చి ఇచ్చాను. రెండు గీతలు కనిపించాయి. అయిదేళ్లుగా ఎదురుచూసిన గీతలవి. అయినా తను నవ్వలేదు, ఏడవలేదు. "ఇన్ని వారాలూ సూది వేసుకుంటూనే ఉన్నాను కదా, బిడ్డకేమైనా అవుతుందా అక్కా?" అన్నది తన నోటి నుంచి వచ్చిన మొదటి మాట. తన అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను.

అసలు జరిగిందేమిటంటే, చెల్లెలి వయసు 31, ఎత్తు 158 సెంటీమీటర్లు, మందు మొదలుపెట్టిన నాటి బరువు 82 కిలోలు. పిల్లల కోసం వెళ్లిన చోటల్లా ముందు బరువు తగ్గమనే చెప్పారు. నడక, జొన్నరొట్టె, రాత్రిపూట అన్నం మానేయడం, అన్నీ చేసింది. నాలుగు కిలోలు తగ్గేది, అయిదు పెరిగేది. 2025 మార్చిలో మౌంజారో పేరుతో టిర్జెపటైడ్ మన దేశంలోకి వచ్చింది. అప్పట్లో 2.5 మిల్లీగ్రాముల వయల్ 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు. వారానికొక వయల్ కాబట్టి నెలకు 14,000 నుంచి 17,500 రూపాయలన్నమాట. ముందు బరువు తగ్గాలి, ఆ తర్వాత ఐవీఎఫ్‌కు వెళ్లాలి అని భార్యాభర్తలిద్దరూ నిర్ణయించుకుని ఆ ఖర్చుకు సిద్ధపడ్డారు.

మందు రాసిన క్లినిక్‌లో చాలా ప్రశ్నలే అడిగారట. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, ఎప్పుడైనా పాంక్రియాస్ వాచిందా, పిత్తాశయంలో రాళ్లున్నాయా అని అడిగారు. గర్భం రాకుండా ఏమైనా వాడుతున్నారా అని మాత్రం అడగలేదు. తనకు సహజంగా గర్భం రాదనే నమ్మకం బలంగా ఉండడం వల్ల చెల్లెలికీ ఆ సంగతి ఎత్తాలని తోచలేదు. నేను మాత్రం చేసిందేముంది? వయల్స్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమని, డీప్ ఫ్రీజర్‌కు ఆనించవద్దని, ఇన్సులిన్ సిరంజితో ఎలా తీయాలో ఫోనులో చూపిస్తూ గంటసేపు మాట్లాడాను. అడగవలసిన ఆ ఒక్క ప్రశ్న నాకూ తట్టలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పీసీఓఎస్‌లో గర్భం రావడం కష్టమంటే అసాధ్యమని కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు శరీరం దాన్ని మరింత ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేయిస్తుంది. దాంతో అండం పూర్తిగా ఎదగక, విడుదల కాక నిలిచిపోతుంది. బరువు తగ్గితే ఈ గొలుసు మొదటి లంకె దగ్గరే సడలుతుంది. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుందన్నది స్త్రీల వైద్యులకు ఎప్పటి నుంచో తెలిసిన విషయం. మా చెల్లెలు ఆగస్టు నాటికి 73 కిలోలకు వచ్చింది, అంటే 11 శాతం తగ్గింది.

ఇక్కడ చాలామంది పొరపడే సూక్ష్మం ఒకటుంది. నెలసరి క్రమంగా రావడం మొదలయ్యాక జాగ్రత్త పడవచ్చులే అనుకుంటారు. కానీ ముందు విడుదలయ్యేది అండం. నెలసరి వచ్చేది ఆ తర్వాత రెండు వారాలకు. నెలల తరబడి నిలిచిపోయిన అండం మొదటిసారి విడుదలైనప్పుడే గర్భం నిలిస్తే, అంతా బాగుపడిందని చెప్పవలసిన ఆ నెలసరి రానే రాదు. పైగా పీసీఓఎస్ ఉన్నవారికి నెల తప్పడం కొత్త సంగతి కాదు కాబట్టి అనుమానం రాదు. ఇక మిగిలింది వేవిళ్లు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏ పరీక్షా లేకుండానే పోపు వాసన పడకపోవడం చూసి, పుల్లటివి అడగడం చూసి, పొద్దున్నే వాంతులు చూసి సంగతి కనిపెట్టేవారు. ఈ మందు కలిగించే వికారం, అన్నం సహించకపోవడం, నీరసం అచ్చం అలాగే ఉంటాయి. ఏది వేవిళ్లో, ఏది మందు ప్రభావమో పక్కనున్న అమ్మకే తెలియలేదు, నాకూ తెలియలేదు. అందుకే ఈ మందు వాడుతున్న ఆడవాళ్లకు మోతాదు పెంచిన రెండు వారాల తర్వాత కూడా వికారం తగ్గకపోయినా, తగ్గిన వికారం మళ్లీ మొదలైనా, ముందుగా ఒక కిట్‌తో పరీక్ష చేసుకోమని ఇప్పుడు షాపులో చెబుతున్నాను. యాభై, వంద రూపాయల పని అది.

విదేశాల్లో ఇలా అనుకోకుండా నిలిచిన గర్భాలకు, ఇదే తరహా ఇంజెక్షన్ అయిన ఓజెంపిక్ పేరు మీదుగా, ఓజెంపిక్ బేబీలనే పేరు కూడా వచ్చింది. ఆ పేరు విని ఇదేదో పిల్లలు పుట్టించే మందనుకోవడం పొరపాటు. అండం విడుదల కోసం వైద్యులు ఇచ్చే లెట్రజోల్ వంటి మందులు వేరు. వాటి వాడకానికి ఏళ్ల అనుభవం ఉంది. బరువు తగ్గించే ఇంజెక్షన్ గర్భానికి దారి సుగమం చేయవచ్చు, కానీ గర్భం వచ్చేనాటికి అది ఒంట్లో ఉండకూడదు.

టిర్జెపటైడ్ విషయంలో మరొక చిక్కు ఉంది. ఈ మందు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి, నోటి ద్వారా వేసుకునే గర్భనిరోధక మాత్రలు పూర్తిగా ఒంటబట్టకపోవచ్చు. మొదలుపెట్టిన తర్వాత 4 వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు కండోమ్ వంటి అదనపు రక్షణ ఉండాలని, లేదా మాత్రలు కాని పద్ధతికి మారాలని తయారీ కంపెనీ ఇచ్చిన సమాచారంలోనే ఉంది. మన దగ్గర పీసీఓఎస్‌కు నెలసరి క్రమం కోసం ఇవే మాత్రలు రాస్తారు. వాటిని వేసుకునే పెళ్లయిన అమ్మాయిలు చాలామంది హార్మోన్ మాత్రలంటారు తప్ప గర్భనిరోధకాలని అనుకోరు. కాబట్టి ఈ హెచ్చరిక చదివినా తమకు సంబంధించినదని గుర్తించరు.

ఇక చెల్లెలి ప్రశ్నకు వస్తాను. ఆ రోజే గుంటూరులో స్త్రీల వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాము. స్కాన్‌లో 8 వారాలని, గుండె చక్కగా కొట్టుకుంటోందని తేలింది. ఇంజెక్షన్ అక్కడికక్కడే ఆపమన్నారు. చెల్లెలి అత్తవారి వైపు బంధువు ఒకావిడ, ప్రేమతోనే కావచ్చు, "ఈసారికి తీయించేసుకుని, ఒళ్లు శుభ్రపడ్డాక చూసుకుంటే మంచిదేమో" అన్నారు. ఆ మాట డాక్టరు గారి ముందు పెట్టినప్పుడు ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుని, తెలియక ఈ మందు తీసుకున్నారన్న ఒక్క కారణంతో గర్భం తీయించుకోవలసిన అవసరం లేదని నెమ్మదిగా, రెండుసార్లు చెప్పారు. ఇది చదివేవారిలో అదే భయంతో ఉన్న అమ్మాయి ఒక్కరున్నా వారికి చేరాలని ఈ మాటను ఇక్కడ రాస్తున్నాను.

గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు ఎందుకు వద్దంటారు, తెలియక తీసుకుంటే ఎందుకు భయపడవద్దంటారు అన్న రెండింటికీ ఆధారాలున్నాయి. ఎలుకలు, కుందేళ్లు, కోతుల మీద జరిపిన పరీక్షల్లో గర్భంతో ఉన్న జంతువులకు ఈ తరహా మందులు ఇచ్చినప్పుడు పిండాల ఎదుగుదల తగ్గింది, కొన్నింటిలో అవయవ లోపాలు కనిపించాయి. అయితే ఆ తల్లి జంతువులు తిండి తగ్గించి చిక్కిపోయాయి కూడా. కాబట్టి దోషం మందుదా, పస్తుదా అన్నది విడదీయడం కష్టం. మనుషుల విషయంలో, మధుమేహం ఉండి గర్భం దాల్చే సమయంలో ఈ తరగతి మందులు వాడిన 938 మంది గర్భవతుల వివరాలను నార్డిక్ దేశాలు, అమెరికా, ఇజ్రాయెల్ రికార్డుల నుంచి సేకరించి పరిశీలించిన అధ్యయనం ఒకటుంది. ఇన్సులిన్ వాడిన తల్లుల పిల్లలతో పోలిస్తే వీరి పిల్లల్లో పెద్ద లోపాలు ఎక్కువగా ఉన్నట్టు అందులో కనిపించలేదు. ఇది ధైర్యం చెప్పే సమాచారం. గర్భంతో ఉండి కూడా వాడవచ్చని చెప్పే సమాచారం మాత్రం కాదు. అసలు గర్భం కడుపు మాడ్చుకుని బరువు తగ్గవలసిన కాలమే కాదు.

పిల్లల్ని అనుకుంటున్నవారు ఎంత ముందుగా ఆపాలన్నది మందును బట్టి మారుతుంది. ఇదే తరహా మందైన సెమాగ్లుటైడ్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అంటే చివరి సూది తర్వాత వారానికి సగం, రెండు వారాలకు పావు వంతు, అలా అయిదారు వారాలకు గాని నామమాత్రానికి చేరదు. కొంత వెసులుబాటు కలిపి 2 నెలల ముందు ఆపమంటారు. వెగోవీ, ఓజెంపిక్ సూదులకూ, రైబెల్సస్ మాత్రలకూ లెక్క ఇదే, ఎందుకంటే మూడింటిలోనూ ఉన్నది సెమాగ్లుటైడే. మాత్ర కాబట్టి త్వరగా పోతుందని అనుకోవద్దు. టిర్జెపటైడ్ సగానికి తగ్గడానికి దాదాపు 5 రోజులు పడుతుంది కాబట్టి కనీసం నెల రోజుల ముందు ఆపాలని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకం చెబుతోంది. రోజూ తీసుకునే ఇలాంటి మరో ఇంజెక్షన్ లిరాగ్లుటైడ్ కొన్ని రోజుల్లోనే పోతుంది. ఈ గడువులు చివరి సూది వేసుకున్న తేదీ నుంచి లెక్కించవలసినవి. ఆ గడువు తీరేవరకు గర్భనిరోధకం కూడా మానకూడదు.

మధుమేహం కోసం ఈ మందులు వాడుతున్నవారు మాత్రం ఇది చదివి సొంతంగా ఆపేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. మొదటి వారాల్లో తల్లి రక్తంలో చక్కెర అదుపు తప్పితే బిడ్డ గుండెకు, వెన్నుకు జరిగే హాని స్పష్టంగా తెలిసినది. వారికి ఆపడం అంటే ఇన్సులిన్‌కో, మెట్‌ఫార్మిన్‌కో మారడం. ఆ మార్పు డాక్టరు పర్యవేక్షణలో, గర్భానికి ముందే పూర్తి కావాలి.

ఆపిన తర్వాత ఏం జరుగుతుందన్నది ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే మా చెల్లెలు అంత కుంగిపోయేది కాదు. మందు నిద్రపుచ్చిన ఆకలి అక్టోబరు నెలాఖరుకు ఒక్కసారిగా లేచింది. దానికి తోడు ఇద్దరికి సరిపడా తినాలన్న మాట. అమ్మ సున్నుండలు డబ్బాల కొద్దీ పంపింది, వాళ్ల అత్తగారు పూటకొక కూర చేసి పెట్టారు, అందరిదీ ప్రేమే. ఏడో నెల వచ్చేసరికి 84 కిలోలైంది. రెండో పరీక్షలో గ్లూకోజు తాగిన తర్వాతి చక్కెర ఎక్కువగా వచ్చి, భోజనం మార్చుకోవలసి వచ్చింది. తనేదో క్రమశిక్షణ తప్పానని తిట్టుకునేది. అప్పుడు నేను వెతికి చదివినదేమిటంటే, గర్భానికి ముందో, గర్భం తొలి రోజుల్లోనో ఈ మందులు ఆపినవారు మిగతావారి కంటే సగటున 3 కిలోలకు పైగా ఎక్కువ బరువు పెరిగారని, వారిలో గర్భకాల మధుమేహం, రక్తపోటు, నెలలు నిండకముందే కాన్పు కూడా కొంత ఎక్కువగా కనిపించాయని అమెరికాలో బోస్టన్ వైద్యుల అధ్యయనం ఒకటి 2025 నవంబరులో చెప్పింది. గర్భం సంగతి పక్కన పెట్టినా, సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని ఇంతకు ముందే తేలింది. ఇది మనిషి సంకల్పంలోని లోపం కాదు, మందు పోయిన తర్వాత శరీరం చేసే పని. ఈ సంగతి ముందే తెలిస్తే మందు ఆపేసరికే ఏం తినాలో, ఎంత నడవాలో, చక్కెర పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో రాసి పెట్టుకోవచ్చు.

నా దృష్టిలో, ఆపిన వెంటనే ప్రయత్నించడం కంటే బరువు కాస్త నిలకడకు వచ్చి, ఒంట్లో నిల్వలు నిండాక ప్రయత్నించడం మేలు. నెలల తరబడి సగం కడుపుకు తిన్న శరీరంలో ఇనుము, బీ12, ప్రోటీన్ అన్నీ తగ్గి ఉండవచ్చు. శాకాహారులకు, మెట్‌ఫార్మిన్ చాలా కాలంగా వాడుతున్నవారికి బీ12 మరింత తగ్గుతుంది. ఫోలిక్ యాసిడ్ అయితే గర్భానికి ముందే మొదలుపెట్టవలసినది, ఎందుకంటే బిడ్డ వెన్నుపాముకు పునాది అయిన నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిసి, డాక్టరు దగ్గరకు వెళ్లి, మాత్ర మొదలుపెట్టేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. చెల్లెలు 8 వారాల దగ్గర మొదలుపెట్టింది. డిసెంబరు చివర, బిడ్డ అవయవాలను పరిశీలించే టిఫా స్కాన్‌లో వెన్ను, గుండె, ముఖం అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పేదాకా మా ఇంట్లో ఎవరమూ గట్టిగా ఊపిరి పీల్చుకోలేదు.

అయితే అందరికీ ఒకే గడువు చెప్పడం కూడా సరికాదు. 38 ఏళ్ల మనిషికి బరువు కోసం ఏడాది, ఆపాక మరో మూడు నెలలు అంటే అండాల వయసులో అది చిన్న కాలం కాదు. అక్కడ బరువు కొంత ఎక్కువగా ఉన్నా ముందుకు వెళ్లడమే మంచిదని డాక్టరు అనవచ్చు. ఐవీఎఫ్‌లో అండాలు తీసేందుకు మత్తు ఇచ్చేటప్పుడు ఈ మందు వాడుతున్న సంగతి మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఉపవాసం ఉన్నా కడుపులో ఆహారం మిగిలి ఉండి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంటుంది. ఇంకొక మాట, సంతానం ఆలస్యమైనప్పుడు బరువు తగ్గమన్న సలహా ఆడపిల్లకే ఎందుకు వస్తుందో నాకు అర్థం కాదు. ఊబకాయం మగవారిలో టెస్టోస్టెరాన్‌ను తగ్గిస్తుంది, వీర్యకణాల మీదా ప్రభావం చూపుతుంది. మా చెల్లెలి భర్తకు వీర్య పరీక్ష చేయించింది పెళ్లయిన నాలుగో ఏట.

2026 మార్చితో మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు ముగిసింది, దేశీయ కంపెనీల ఇంజెక్షన్లకు దారి తెరుచుకుంది. ధర తగ్గడం మంచిదే. మధుమేహంతో బాధపడే ఎందరికో అది అవసరం. కానీ నెలకు పదిహేను వేలు పెట్టగలిగిన కొద్దిమందికే పరిమితమైన మందు ఇకపై తెనాలి లాంటి ఊళ్లలో, పెళ్లికి ముందు సన్నబడాలనుకునే అమ్మాయిల దాకా వస్తుంది. ఇరవై నుంచి నలభై మధ్య వయసున్న స్త్రీకి ఈ చీటీ రాసే ప్రతి డాక్టరూ మొదలుపెట్టే తేదీతో పాటు గర్భం సంగతి అడిగి, ఆపవలసిన తేదీని కూడా అదే చీటీలో రాయాలని నేను కోరుకుంటున్నాను. షాపులో నలుగురు మగవాళ్లు నిలబడి ఉన్నప్పుడు నేను ఆ ప్రశ్న అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకని అలాంటి చీటీ వచ్చినప్పుడు ఆ అమ్మాయిని లోపలికి పిలిచి, ఫ్రిజ్ దగ్గర నిలబెట్టి, మందు ఎలా దాచుకోవాలో చూపిస్తూ అడుగుతున్నాను. ఇప్పటివరకు ఎవరూ నొచ్చుకోలేదు. ఒకరిద్దరు మాత్రం మందు అక్కడే ఉంచి, డాక్టరును మళ్లీ అడిగి వస్తామని వెళ్లారు.

చెల్లెలికి ఇప్పుడు తొమ్మిదో నెల. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి వచ్చింది. మొన్న చెకప్‌కు వెళ్లినప్పుడు, కాన్పు తర్వాత ఇంజెక్షన్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చని డాక్టరు గారిని అడిగింది. బిడ్డకు పాలు మాన్పించేదాకా ఆ ఆలోచనే వద్దన్నారు. ఆ తర్వాత రాసుకుంటున్న కలం ఆపి, తల ఎత్తి, "రెండో బిడ్డ ఎప్పుడనుకుంటున్నారు?" అని అడిగారు.